బీపాల్‌ఎం ఏడో వారంలో హిమోగ్లోబిన్ దిగింది, పాదాల్లో మంటలు: లినెజోలిడ్ 300కి దించాలా?

ప్రశ్న

ఎండీఆర్ టీబీ (ముఖ్యమైన టీబీ మందులకి లొంగని రకం) పేషెంటుకి బీపాల్‌ఎం (బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్ 600 మి.గ్రా., మాక్సిఫ్లాక్సాసిన్ 400 మి.గ్రా.) నడుస్తోంది. ఇది ఏడో వారం. హిమోగ్లోబిన్ 11.4 నుంచి 9.1కి వచ్చింది, అరికాళ్లలో మంటలు అంటున్నారు. బి6తో పాటు ఐరన్ మాత్రలు కూడా రాసి ఉన్నాయి. ఈసీజీ మెషీన్ క్యూటీసీ (పల్స్‌కి సరిచేసిన క్యూటీ, అంటే గుండె కొట్టుకున్నాక విద్యుత్‌పరంగా తేరుకునేదాకా పట్టే సమయం) 465 మిల్లీసెకన్లు చూపిస్తోంది, పల్స్ 100. లినెజోలిడ్ ఇప్పుడే తగ్గించాలా? క్యూటీని సాగదీసే బెడాక్విలిన్ ఆపాలా?

జవాబు 1 (వార్డు డాక్టర్)

రెండూ ఒకేసారి ఆపే తొందర వద్దండి. ఈ కోర్సుకి వెన్నెముక బెడాక్విలిన్, ప్రెటోమానిడ్. వీటిలో ఏ ఒక్కటి శాశ్వతంగా ఆపాల్సి వచ్చినా మొత్తం కోర్సు ఆపి వేరే రెజిమెన్‌కి మారాలి. లినెజోలిడ్ అలా కాదు, దాన్ని మాత్రమే కొన్నాళ్లు ఆపి మిగతావి నడపొచ్చు. కాకపోతే మొదటి 9 వారాలు 600 పూర్తిగా అందితే మంచిది.

దీనికి ఆధారం జెనిక్స్ ట్రయల్ (లినెజోలిడ్ మోతాదు, వ్యవధి పోల్చిన అధ్యయనం). 1200 మి.గ్రా. 26 వారాలు ఇచ్చిన గ్రూపులో 93 శాతానికి మంచి ఫలితం, నరాల సమస్య 38 శాతానికి. 600తో 26 వారాలైతే మంచి ఫలితం 91 శాతానికి, నరాల సమస్య 24 శాతానికి. 600ని 9 వారాలకే ఆపేస్తే నరాల సమస్య 13 శాతానికి తగ్గింది, కానీ ఫలితం కూడా 84కి పడిపోయింది. అందుకే ఏడో వారంలో తొందరపడొద్దంటున్నాను.

ముందు మంట ఏ స్థాయిలో ఉందో తేల్చండి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ని రెండు కొనలూ తాకేలా గట్టిగా నొక్కి వదిలి, బొటనవేలి కీలు పైన ఎముక మీద పెట్టండి. అదురు ఆగిందని పేషెంటు చెప్పేదాకా సెకన్లు లెక్కపెట్టండి. పది దాటితే నార్మల్, 6 నుంచి 10 అయితే స్వల్ప లోపం, 5 లోపు అయితే తీవ్రత పెరిగినట్టే. మడమ దగ్గర రిఫ్లెక్స్ కూడా చూడండి. స్వల్పమైతే 600 కొనసాగిస్తూ వారానికోసారి ఇదే పరీక్ష చేయండి. నడక, నిద్ర చెడేంత మంట ఉంటే ఒకటి రెండు వారాలు ఆపి 300తో మళ్లీ మొదలుపెట్టండి.

చూపు విషయంలో మాత్రం ఆగొద్దు. స్నెల్లెన్ చార్టులో ఒక వరుస తగ్గినా, ఇషిహారా ప్లేట్లలో రంగులు తప్పినా అదే రోజు లినెజోలిడ్ ఆపి కంటి డాక్టర్‌కి పంపండి. తొందరగా ఆపితే చూపు చాలావరకు తిరిగొస్తుంది, కాళ్ల నరాలకి అంత హామీ లేదు.

జవాబు 2 (ఫార్మసిస్ట్)

ఆ ఐరన్ సంగతి ముందు చూడండి. ఐరన్, యాంటాసిడ్ ఏది కలిసినా మాక్సిఫ్లాక్సాసిన్ పేగులోనే వాటికి అతుక్కుపోయి రక్తంలోకి సరిగా చేరదు. మాక్సిని ఐరన్‌కి 4 గంటల ముందైనా ఇవ్వాలి, 8 గంటల తర్వాతైనా ఇవ్వాలి. అసలు ఇక్కడ హిమోగ్లోబిన్ తగ్గడానికి ముందుగా అనుమానించాల్సింది లినెజోలిడ్‌నే. అది మన కణాల మైటోకాండ్రియాలో ప్రొటీన్ తయారీని అడ్డుకుంటుంది, దాంతో రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జ మందగిస్తుంది. ఐరన్ లోపం ఉందని తేలకుండా ఐరన్ ఇస్తే లాభం లేదు, మాక్సి మాత్రం రక్తంలో తగ్గిపోతుంది. బి6 కూడా ఈ మంటని తగ్గిస్తుందని నమ్ముకోవద్దు.

9.1 దగ్గర మందు ఆపక్కర్లేదు, వారానికోసారి సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. 8 కంటే దిగితే లినెజోలిడ్ ఆపండి. మజ్జ సాధారణంగా త్వరగానే కోలుకుంటుంది.

మంటకి అమిట్రిప్టిలిన్ రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. లినెజోలిడ్‌తో సెరటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరటోనిన్ మితిమీరి వచ్చే ప్రమాదం) భయం, పైగా క్యూటీ సాగుతుంది. గబాపెంటిన్ మేలు. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్ భోజనంతోనే వేసుకోవాలి.

జవాబు 3 (ఈసీజీ చూసేవారు)

మెషీన్లు చాలావరకు బాజెట్ సూత్రం వాడతాయి. పల్స్ ఎక్కువుంటే అది క్యూటీసీని పెంచి చూపిస్తుంది. ఫ్రిడరీషియా సూత్రంతో లెక్కేయండి: క్యూటీని ఆర్‌ఆర్ (రెండు గుండె స్పందనల మధ్య సమయం, సెకన్లలో) ఘనమూలంతో భాగించాలి. పల్స్ 100 అంటే ఆర్‌ఆర్ 0.6 సెకన్లు, ఘనమూలం 0.843. మీ 465 బాజెట్‌దే అయితే అసలు క్యూటీ సుమారు 360. 360ని 0.843తో భాగిస్తే 427. బెడాక్విలిన్ ఆపే పరిస్థితే కాదు. 500 దాటితే ఆపాలి. పొటాషియం, మెగ్నీషియం మాత్రం ఇప్పుడే చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఐరన్ ఆపించి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే రక్తపరీక్ష) పంపిస్తాను. క్వినోలోన్ (మాక్సి జాతి మందులు) రెసిస్టెన్స్ రిపోర్టు ఇంకా రాలేదు. మాక్సి కొనసాగించాలా?

జవాబు 1 (వార్డు డాక్టర్)

కొనసాగించండి. రెసిస్టెన్స్ ఉందని వస్తే మాక్సి ఒక్కటే తీసేసి మిగతా మూడు మందులతో బీపాల్‌గా నడపండి. నాలుగో నెల తర్వాత కూడా కల్చర్ పాజిటివ్ వస్తే బీపాల్‌ని 39 వారాలదాకా పొడిగించొచ్చు. అయితే అలా పొడిగించే ముందు బెడాక్విలిన్ డీఎస్‌టీ (క్రిమి మీద మందు పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష) తప్పకుండా చేయించండి. గతంలో క్లోఫాజిమిన్ అనే మందు వాడి ఉంటే మరీ ముఖ్యం, రెండిటికీ కలిపి రెసిస్టెన్స్ వస్తుంది. ఫెరిటిన్ టీబీ వాపుతోనే పెరుగుతుంది, నార్మల్ వచ్చినంత మాత్రాన ఐరన్ లోపం లేదనుకోకండి.