రైలు ప్రమాదానికి జరిమానా వేస్తే ఆ డబ్బు ఎవరిది?

నరసాపురం ప్యాసింజర్: బ్రిటన్‌లో 2002 పాటర్స్ బార్ ప్రమాదంలో ఏడుగురు పోయారు. 2011లో అక్కడి రైలు పట్టాల యజమాని నెట్‌వర్క్ రైల్‌కి 30 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. ఆ సంస్థకి లాభం తీసుకునే వాటాదారులే లేరు, సగం బతుకు ప్రభుత్వ గ్రాంటు మీదే. మన పంటకాలవ గట్టు తెగితే ఇరిగేషన్ శాఖకి ఫైన్ వేసినట్టు లేదూ? గట్టుకి పెట్టాల్సిన డబ్బే పోతుంది. దీనివల్ల జనానికేం ఒరిగిందండీ?

తణుకు బాబాయ్: అందరికీ అదే లెక్క కాదు. 2000లో అదే బ్రిటన్‌లోని హాట్‌ఫీల్డ్‌లో పగుళ్లున్న రైలు పట్టా ముక్కలై నలుగురు చనిపోతే, మెయింటెనెన్స్ చూసిన బాల్ఫోర్ బీటీకి కోటి పౌండ్లు వేశారు (అప్పీల్లో 75 లక్షలకి తగ్గించారనుకోండి). అది ప్రైవేటు కంపెనీ, నొప్పి వాటాదారులకే.

భీమవరం లోకల్: బాబాయ్, పాటర్స్ బార్‌లో మెయింటెనెన్స్ చూసిన జార్విస్ అప్పటికే దివాలా తీసిందని దాని మీద కేసే వదిలేశారు. ప్రైవేటోడు తప్పించుకున్నాడు, ఫైన్ మాత్రం జనం డబ్బుతో నడిచేవాడికి పడింది. నాకు మండేది అక్కడే.

నిడదవోలు జంక్షన్: మన దగ్గర 1989 రైల్వే చట్టం 124వ సెక్షన్ కింద, తప్పు ఎవరిదైనా సరే, రైలు ప్రమాదంలో ప్రయాణికుడు చనిపోతే 8 లక్షల పరిహారం. ఆ డబ్బు కనీసం ఇంటివాళ్లకి చేరుతుంది, ఖజానాకి కాదు. చాలదనుకోండి, అది వేరే గొడవ. నన్నడిగితే ఫైన్ కన్నా, ప్రమాదాలపై విచారణ చేసే రైల్వే సేఫ్టీ కమిషనర్ ఎంక్వైరీ రిపోర్టు మొత్తం వెంటనే బయటపెట్టాలి, ఏ సంతకం ఎవరు పెట్టారో సహా.

నరసాపురం ప్యాసింజర్: సంతకాల దగ్గరే వస్తుంది చిక్కు, చివరికి లోకో పైలట్ మీదకే తోస్తారు.