గంటలో అయిపోయే ట్యాంకు పనికి సేఫ్టీ బెల్టు తప్పనిసరి చేయాలా?

సంఘం కార్యదర్శి:
మాది హైదరాబాద్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. ఆరు నెలలకోసారి ట్యాంకు కడిగిస్తాం. బెల్టు లేనిదే ఎవరినీ పైకి ఎక్కనివ్వకూడదని ప్రతిపాదన వచ్చింది. సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

విశ్రాంత ఇంజనీరు:
అనవసరం. డాబా చుట్టూ పిట్టగోడ ఉంది కదా! అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా కూడా అరుదుగా, కాసేపు చేసే పనులకు సడలింపు ఇచ్చింది. చదును కప్పు మీద అంచుకు 15 అడుగుల ఇవతల పని చేస్తూ, అంచు వైపు వెళ్లకూడదన్న నియమం పాటిస్తే చాలు. వాళ్లకు లేని చాదస్తం మనకెందుకు?

ఫ్యాక్టరీ భద్రతాధికారి:
ఇంజనీరు గారూ, ఆ సడలింపు సగమే చెప్పారు. 2016 చివర్లో వచ్చిన ఆ నిబంధనల ప్రకారం అంచుకు 6 అడుగుల లోపు పని చేస్తుంటే అది అయిదు నిమిషాలదైనా రక్షణ ఉండాల్సిందే. 6 నుంచి 15 అడుగుల మధ్య అయితే హెచ్చరిక తాడు కట్టి హద్దు ఏర్పాటు చేయవచ్చు.

ఇక మన ట్యాంకులు ఎక్కడుంటాయి? చాలాచోట్ల డాబా మీద కాదు, మెట్ల గది కప్పు మీద. అక్కడ పిట్టగోడే ఉండదు. పన్నెండడుగుల వెడల్పు కప్పుకు నట్టనడుమ నిలబడినా అంచు ఆరడుగులకు మించి దూరం ఉండదు. ఆ నడుమ ఉండేది ట్యాంకు. మనిషి తిరిగేది అంచు వెంటే, అదీ నాచు పట్టిన తడి కప్పు మీద. మెట్ల గది భవనం అంచునే ఉంటే పడేది డాబా మీదకు కాదు, వీధిలోకి.

అయినా బెల్టు తీర్మానానికి నేను ఒప్పుకోను. బెల్టుకుండే ఆరడుగుల తాడు కొక్కేన్ని కాళ్ల దగ్గర తగిలిస్తే, ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున్న మెట్ల గది మీంచి పడినవాడు తాడు బిగిసేలోపే డాబాను తాకుతాడు. అసలు అంచు దాకా పోనివ్వనంత పొట్టి తాడైతేనే ప్రయోజనం. అన్నిటికన్నా మేలు 42 అంగుళాల ఎత్తు రెయిలింగ్. ఒకసారి పెట్టిస్తే ట్యాంకువాళ్లకూ సోలార్ పలకలు తుడిచేవాళ్లకూ పనికొస్తుంది.

ప్లంబరు:
నాకు ఒకచోట బెల్టు ఇచ్చారు. ఎక్కడ తగిలించాలంటే డిష్ యాంటెన్నా గొట్టం చూపించారు!

ఫ్యాక్టరీ భద్రతాధికారి:
పడే మనిషిని ఆపేలా కొక్కెం తగిలించే ఆధారానికి ఓషా అడిగేది 5,000 పౌండ్ల బలం, అంటే రెండు టన్నులకు పైమాట. ఆ గొట్టం మీ బరువుకే ఊడివస్తుంది.

న్యాయవాది:
1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం (2025లో దాని స్థానంలో కొత్త కార్మిక స్మృతి వచ్చింది) నిర్వహణ పనులనూ లెక్కలోకి తీసుకుంది. కానీ పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే దాన్ని పరిమితం చేశారు. ట్యాంకు కడగడానికి వచ్చేది ఇద్దరు. వాళ్ల సంగతి మీ సంఘమే చూసుకోవాలి.

విశ్రాంత ఇంజనీరు:
రెయిలింగ్ కోసం కప్పుకు రంధ్రాలు వేస్తే వానాకాలంలో కారుతుంది. అప్పుడు ఎవరిని అడగాలి?

ఫ్యాక్టరీ భద్రతాధికారి:
పైన వేయకండి. స్లాబు మందం సరిపోతే పక్క అంచుకు బోల్టులు వేయించవచ్చు. ముందు అది చూపించండి.

ప్లంబరు:
అలాగే నిచ్చెన ఎక్కే చోట రెయిలింగ్‌లో ఖాళీ వదిలి గొలుసు వేలాడదీయకండి సార్. చేతిలో సామానుతో దిగేటప్పుడు దాన్ని ఎవరూ తగిలించరు. దానంతట అదే మూసుకునే తలుపు పెట్టించండి.