వెస్టర్న్ బ్లాట్‌లో సైటోక్రోమ్ సి బ్యాండ్ రావట్లేదు, ఎవరైనా చెప్పండి

మూడో వారం ఇదే గోల. ప్రొటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదకి ట్రాన్స్‌ఫర్ చేసి, యాంటీబాడీతో వెతుకుతున్నా. కణం చావుకి సిద్ధమైతే సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ మైటోకాండ్రియా దాటి సైటోసాల్‌లోకి, అంటే కణంలోని ద్రవంలోకి, వస్తుంది కదా, అది చూపించాలి. పోలిక కోసం చూసే యాక్టిన్ ప్రొటీన్ 42 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర నల్లగా, దర్జాగా కూర్చుంది. సైటోక్రోమ్ సి ఉండాల్సిన 12 దగ్గర మాత్రం తెల్ల కాగితమే. యాంటీబాడీ కొత్తది. సోమవారం ల్యాబ్ మీటింగ్, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: మెంబ్రేన్ రంధ్రం ఎంతండీ? 0.45 మైక్రాన్లయితే అంత చిన్న ప్రొటీన్ అవతలికి జారిపోతుంది. నేనూ ఇలాగే నెల పోగొట్టుకున్నా. వెనక ఇంకో మెంబ్రేన్ పెట్టి చూస్తే దొంగ అక్కడ దొరికాడు. 0.2 వాడండి.

అడిగినవారు: 0.45 అండీ. పైగా రాత్రంతా ట్రాన్స్‌ఫర్ పెట్టా.

జవాబు 2: అయ్యో, రాత్రంతానా! 15 శాతం జెల్, ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో 20 శాతం మిథనాల్, కోల్డ్ రూమ్‌లో 100 వోల్టులకి గంట చాలు. ఇంకోటి, కణాలు పగలగొట్టేటప్పుడు చెయ్యి కాస్త మెత్తగా ఉండాలి. మైటోకాండ్రియా చిట్లితే కణాల్ని చంపే మందు వెయ్యని కణాల్లోనూ బ్యాండ్ వచ్చేస్తుంది. సైటోసాల్ శాంపిల్‌లో వీడాక్ (మైటోకాండ్రియా పొరలో ఉండే ప్రొటీన్) ఉందేమో కూడా చూడండి.

అడిగినవారు: 0.2 పక్క ల్యాబ్‌లో అప్పు తెచ్చా. వచ్చిందండీ! పల్చగానే, కానీ మందు వేసిన కణాల శాంపిల్ గీతలోనే. వీడాక్ రేపు.