పచ్చ అంటే ఏ రంగు? రైతులకు పంపే సందేశాల్లో ఈ మాట ఉంచాలా, తీసేయాలా?

నల్లరేగడి:
రైతులకు వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్‌ల కోసం చిన్న పదపట్టిక తయారుచేస్తున్నాం. అన్నిటికంటే పెద్ద గొడవ 'పచ్చ' దగ్గర వచ్చింది. కళ్ళు పచ్చబడ్డాయంటే పసుపు. చేను పచ్చగా ఉందంటే ఆకుపచ్చ. పచ్చజొన్న, పచ్చసొన పసుపు. పచ్చపెసలు, పచ్చదోమ ఆకుపచ్చ. మావాళ్ళలో సగంమంది 'పచ్చ' అని ఒంటరిగా ఎక్కడా రాయొద్దు, పసుపు, ఆకుపచ్చ అని విడగొట్టమంటున్నారు. మిగతా సగం, రైతు నోట్లో మాట తీసేయడానికి మనమెవరం అంటున్నారు. మీరేమంటారు?

లేబుల్_చూడు:
తీసేయండి. పురుగుమందు డబ్బా మీద డైమండ్ గుర్తు ఉంటుంది కదా, దాని కింది త్రికోణంలో ఉండే రంగు విషం ఎంతో చెబుతుంది. 1971 నాటి ఇన్సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం నాలుగు రంగులు: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. నోటి ద్వారా పోతే పరీక్ష జంతువుల్లో సగం చచ్చే మోతాదు లెక్క ఇది. పసుపుకు కిలో బరువుకు 51 నుంచి 500 మిల్లీగ్రాములు. ఆకుపచ్చకు 5000 పైన. పసుపు మీద 'పాయిజన్' అని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది, ఆకుపచ్చ మీద 'కాషన్' అని మాత్రమే. ఇప్పుడు మీరు 'పచ్చ గుర్తు మందు కొట్టండి' అని వాయిస్ పంపండి. విన్నవాడు ఏ డబ్బా తెస్తాడు?

జీలుగ:
మందుల షాపులో 'పచ్చ గుర్తు మందు ఇవ్వు' అని అడిగేవాడిని నాకు చూపించండి. పేరు అడుగుతారు, లేదంటే పాత డబ్బా మూత చూపిస్తారు. లేని ప్రమాదం చూపించి మాటను చంపుతున్నారు.

అసలు పచ్చలో తికమక లేదు, వాక్యంలో క్రియ చూస్తే తెలుస్తుంది. 'పచ్చగా ఉంది' అంటే ఉన్న స్థితి, ఆకుపచ్చ. 'పచ్చబడింది' అంటే మార్పు. ఆకు ముందే ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి అది మారేది పసుపులోకే. ఏ రైతూ దీన్ని తప్పుగా అర్థం చేసుకోడు.

పచ్చిపులుసు:
పచ్చి అబద్ధం ఏ రంగులో ఉంటుందో కూడా పట్టికలో పెట్టండి.

లేబుల్_చూడు:
జీలుగ గారూ, మీ క్రియ సిద్ధాంతం ఒక్క యూరియా బస్తాతో పోతుంది. పాలిపోయిన చేనుకు యూరియా వేశాక 'వారంలో పచ్చబడింది' అంటారు. అక్కడ పచ్చబడడమంటే ఆకుపచ్చ కావడం. అదే క్రియ, ఎదురు రంగు.

జీలుగ:
అలా అనరు. యూరియా వేస్తే చేను 'నల్లబడింది' అంటారు. నత్రజని బాగా అందిన పైరును 'నల్లగా ఉంది' అనడం మీరెప్పుడూ వినలేదా? ముదురాకుపచ్చకు రైతు మాట నలుపు. పొలం గట్టు తొక్కని పట్టికల్లోనే యూరియా వేస్తే పచ్చబడుతుంది.

లేబుల్_చూడు:
మా వైపు అంటారు.

జీలుగ:
ఏ వైపు? మండలం చెప్పండి.

కరక్కాయ:
నేను అద్దకం వైపు నుంచి ఒక మాట. నీలిమందు తొట్టిలో బట్ట ముంచి బయటికి తీసినప్పుడు అది నీలంగా ఉండదు. పసుపూ కాని ఆకుపచ్చా కాని రంగులో వస్తుంది. గాలి తగిలాక ఒకటి రెండు నిమిషాల్లో నీలం తిరుగుతుంది. ఆ మధ్య రంగుకు 'పచ్చ' తప్ప ఇంకో మాట లేదు. 'ఇంకా పచ్చగానే ఉంది, ఆరనివ్వు' అంటే పనివాడికి అర్థమవుతుంది. అది పసుపా ఆకుపచ్చా అని నిలదీస్తే పని ఆగిపోతుంది.

ఆకుపచ్చ కావాలంటే ముందు నీలి అద్ది, పటిక పట్టించి, ఆ మీద కరక్కాయతోనో దానిమ్మ తొక్కతోనో పసుపు ఎక్కిస్తాం. పసుపు కొమ్ముల రంగుతో ఎక్కిస్తే ఎండకు ముందు పసుపే పోతుంది, ఆకుపచ్చ చీర కాస్తా నీలం చీరై కూర్చుంటుంది. సబ్బు తగిలితే ఇంకో తంటా, పసుపు ఉన్నచోట ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది అందుకే.

నల్లరేగడి:
బాగుంది కానీ ఇది మా పట్టికలో ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

లేబుల్_చూడు:
ఎక్కడా పెట్టొద్దు. తొట్టి పక్కన ఇద్దరూ నిలబడి ఒకే బట్టను చూస్తున్నారు కాబట్టి అక్కడ ఏ మాటైనా సరిపోతుంది. వాయిస్ మెసేజ్ వినేవాడి ముందు ఏమీ లేదు.

పసుపు_కొమ్ము:
మాది జగిత్యాల దిక్కు. మీరు పచ్చ తీసేసి పసుపు పెడ్తమంటున్నరు గదా. మా దగ్గర పసుపు అంటే పంట. 'పసుపు ఆకులు కనిపిస్తే మందు కొట్టండి' అని పంపితే ఊరంత నవ్వుతరు. మా చేన్ల ఉన్నయన్నీ పసుపు ఆకులే. దానికితోడు పసుపుల ఆకు పచ్చబడుడు రోగమే కానక్కర లేదు. ఎనిమిది తొమ్మిది నెలలకు కింద నుంచి పచ్చబడి ఎండుకుంట వస్తే తవ్వకానికి వచ్చినట్టు. అప్పుడు గూడ మందు కొట్టుమంటరా?

జీలుగ:
ఇదీ నేను చెబుతున్నది! విడగొడితే తికమక పోదు, వేరే చోటికి మారుతుంది అంతే. తమిళానికి పచ్చై వేరు, మంజళ్ వేరు. కన్నడానికి హసిరు వేరు, హళది వేరు. మనకు పచ్చలో రెండూ ఉన్నాయి, పైగా పచ్చిదనం కూడా ఉంది. పచ్చిరొట్ట, అంటే ఎరువుగా నేలలో కలియదున్నే పైరు, అందులో పచ్చి రంగు కాదు, ముదరని ఒళ్ళు. అలాంటి పైరైన జీలుగ విత్తనం ఎకరాకు 12 కిలోల దాకా చల్లి, పూతకు వచ్చే వేళకి, అంటే సుమారు 45 రోజులకి, కాండం పచ్చిగా ఉండగానే కలియదున్నాలి. ముదిరితే నార పట్టి కుళ్ళడానికి నెలలు పడుతుంది, కుళ్ళేటప్పుడు నేలలో నత్రజనిని అదే తినేస్తుంది, వేసిన వరి పాలిపోతుంది. 'ఆకుపచ్చ రొట్ట' అని రాస్తే ఆకు రంగు చూసి ఇంకా బాగుందనుకుని పదిహేను రోజులు ఆగుతాడు. మీ పదపట్టిక దెబ్బకి పంట పోతుంది.

లేబుల్_చూడు:
'ఆకుపచ్చ రొట్ట' అని రాయమని ఎవరన్నారు? నేనన్నది రంగు చెప్పే చోట. మీరు పచ్చిని పచ్చలో కలిపి నా నోట్లో లేని మాట పెడుతున్నారు. మీకు రైతు మీద కంటే మాట మీద ప్రేమ ఎక్కువ.

జీలుగ:
మీకు రైతు తప్పు మాట్లాడతాడన్న నమ్మకం ఎక్కువ.

పచ్చిపులుసు:
అట్టల సంగతి మర్చిపోయారు. పత్తిలో తెల్లదోమకు పెట్టే జిగురు అట్టలను షాపులో పచ్చ అట్టలనే అడుగుతారు. అవి పసుపు. తామర పురుగుకు నీలం అట్టలు. దోమ పసుపు అట్టను చూసి లేత ఆకు అనుకుని వచ్చి అతుక్కుంటుంది. అంటే తెల్లదోమ కూడా జీలుగ గారి పార్టీయే.

వరి_మడి:
మాట మీద కొట్టుకునే బదులు ఆకు రంగు పట్టిక వాడండి. ప్లాస్టిక్ పట్టీ, నాలుగు గళ్ళు, పసుపు కలిసిన లేతాకుపచ్చ నుంచి ముదురాకుపచ్చ దాకా. నాటిన రెండు వారాల నుంచి వారం పది రోజులకోసారి చూడాలి. మడిలో పది మొక్కలు, ప్రతిదాంట్లో పైన పూర్తిగా విచ్చుకున్న ఆకు. ఆకు తెంపకుండా, మన నీడ దాని మీద పడేలా నిలబడి పట్టీ పక్కన పెట్టాలి. ఎండ నేరుగా పడితే గడి తప్పుగా కనిపిస్తుంది. పదిలో ఆరు ఆకులు మీ రకానికి చెప్పిన గడి (3 లేదా 4) కంటే లేతగా ఉంటే యూరియా వేయాలి. పచ్చ అన్న మాటతో పనే లేదు.

జీలుగ:
పట్టీ నత్రజనికే పనికొస్తుంది. పచ్చబడడానికి నత్రజని ఒక్కటే కారణమా? కింది ముదురాకులు ముందు పచ్చబడితే నత్రజని. పైన లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం తెల్లబారితే ఇనుము, మెట్ట నారుమడుల్లో ఎక్కువ. దానికి లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు), 2 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). నిమ్మ ఉప్పు వేయకపోతే అన్నభేది నీళ్ళలో తుప్పురంగు తిరిగి వృథా అవుతుంది. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకు మొదట్లో ఈనె పాలిపోయి తుప్పు మచ్చలు వస్తే జింకు. మూడింటికీ రైతు ఫోన్ చేసి చెప్పేది ఒకటే మాట, 'పచ్చబడింది సార్'. మీరు దాన్ని 'పసుపు రంగులోకి మారింది' అని దిద్దితే ఏం తేలింది? ఏమీ తేలలేదు. అడగాల్సింది రంగు కాదు. ఏ ఆకు, పైదా కిందిదా, ఈనెనా మధ్యనా.

లేబుల్_చూడు:
అడగాలి. ఎవరు అడుగుతారు? ఇది ఫోన్ కాదు, వాయిస్ మెసేజ్. ఇటు నుంచి అటే పోతుంది. తిరిగి అడిగే నంబరు మెసేజ్ చివర్లో ఉంటుంది, చేస్తే ఎవరూ ఎత్తరు. మీరు ఊహించుకుంటున్నది గట్టు మీద నిలబడి మాట్లాడే మనిషిని. ఆ మనిషి ఉంటే నేనూ పచ్చే అంటాను. లేడు కాబట్టే మాట ఒక్కటే మొత్తం బరువు మోయాలి.

జీలుగ:
అదే కదా నా కోపం. మనిషిని తీసేసి, మిగిలిన పనంతా మాట మీద వేసి, ఆ మాట మొయ్యలేకపోతోందని మాటను తీసేస్తున్నారు. ముందు నంబరు ఎత్తే మనిషిని పెట్టమనండి.

లేబుల్_చూడు:
పెట్టమని ఎవరికి చెప్పాలి? నల్లరేగడి గారి చేతిలో ఉన్నది పదపట్టిక ఒక్కటే. ఉద్యోగాలు కాదు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. 'ఏ మండలం' అన్న ప్రశ్న మళ్ళీ వేస్తే తాళం వేస్తాను.

పసుపు_కొమ్ము:
మండలం కాదు, జిల్లా చెప్పినా సరే.

నల్లరేగడి:
రాత్రి కూర్చుని ఇలా అనుకున్నాం. పురుగు పేర్లు, పంట పేర్లు, పచ్చిరొట్ట ముట్టుకోం. పచ్చదోమ పచ్చదోమే. డబ్బా గుర్తు గురించి చెప్పేటప్పుడు రంగు ఒక్కటే చెప్పం, గుర్తులో ఉండే ఇంగ్లిష్ మాట కూడా చదివి వినిపిస్తాం. ఆకు గురించి చెప్పేటప్పుడు రంగు కంటే ముందు ఏ ఆకో చెబుతాం, 'కింది ఆకులు పచ్చబడితే' అని. ఇక్కడ పచ్చ ఉంచుతున్నాం. వస్తువు రంగు చెప్పాల్సిన చోట పసుపు అనకుండా పోలిక పెడతాం. పత్తి సందేశం ఇలా వచ్చింది:

'తెల్లదోమ కనిపిస్తే ఎకరాకు 10 నుంచి 20 దాకా నిమ్మపండు రంగు జిగురు అట్టలు, మొక్క తల కంటే కొంచెం ఎత్తులో పెట్టండి. దుమ్ము పట్టినా, దోమ నిండినా మార్చండి.'

లేబుల్_చూడు:
పర్లేదు. 'కింది ఆకులు పచ్చబడితే' మాత్రం నేను ఒప్పుకోను.

జీలుగ:
నిమ్మపండు అంటే పండిందా, కాయా? నిమ్మకాయ పచ్చగా ఉంటుంది.