కొమ్ము తాపడానికి మెరుగు: బఫ్ మీదా, చేత్తోనా?

కావలి_విలుకాడు:
వెదురు వెన్ను అతికించిన చెక్క విల్లు. రెండు కొప్పులకీ (వింటి కొసలకీ) నల్ల బర్రె కొమ్ము తాపడం వేశాను, ఒక్కోటి 5 మి.మీ. మందం, 40 మి.మీ. పొడవు. తాడు కూర్చునే గాళ్లు కోయడం, ఆకురాయి పని అయిపోయాయి. బెంచి గ్రైండర్‌కి గుడ్డ బఫ్ (మెరుగుపెట్టే గుడ్డ చక్రం) తగిలిస్తే ఐదు నిమిషాల పనేనని కొందరు, దాని జోలికే పోవద్దని కొందరు. మెరుగు వార్నిష్‌కి ముందా, తర్వాతా? కారణంతో సహా చెప్పండి.

ఒంగోలు_పనిపట్టె:
బఫే తమ్ముడూ. నల్ల కొమ్ముకి ఆ నిగనిగ చేత్తో రాదు. కాకపోతే బఫ్ గీతల్ని తీయదు, వాటినే మెరిపించి చూపిస్తది. ముందు 120, 220, 400, 600, 1000 వాటర్ పేపర్లు వరసగా పట్టు. ప్రతి నంబరూ ముందుదానికి అడ్డంగా రుద్దు, అప్పుడు పాత గీత మిగిలిందో పోయిందో కంటికి తెలుస్తది. 400 నుంచి తడి మీద. నీళ్లు చుక్కలే వాడు, చెక్క తడిస్తే నార లేస్తది. తాపడం పక్కన చెక్కకి టేపు చుట్టు.

ఉదయగిరి_చెక్కపని:
కాగితాల వరస వరకూ మీ మాటే నాదీ అన్నా. బఫ్ దగ్గర మాత్రం ఒప్పుకోను. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే 6 అంగుళాల బఫ్ అంచు వేగం సెకనుకి 22 మీటర్లు. ఒకేచోట ఆనిస్తే కొమ్ము క్షణాల్లో కాలుతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. వాసన వచ్చిందంటే అతుకు అప్పటికే వేడెక్కినట్టే. మనం వాడే మామూలు రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు 50, 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఆ రోజు ఊడదు. నారి ఎక్కించి లాగినప్పుడు అంచు దగ్గర లేస్తుంది.

ఇంకోటి, గుడ్డ బఫ్ అంచుల్ని తినేస్తుంది. ఆకురాయితో తీర్చిన కోణం మొద్దుబారి సబ్బు ముక్కలా అవుతుంది.

ఒంగోలు_పనిపట్టె:
ఒకేచోట ఆనిస్తే ఏదైనా కాలుద్ది. రెండు సెకన్లు తాకించి ఎత్తాలి, బొటనవేలికి వెచ్చగా తగిలితే ఆగాలి. కొస ఎప్పుడూ బఫ్ కింది సగంలో, కిందికి చూస్తా ఉండాలి. పైన పెడితే గుడ్డ పట్టేసుకుని విల్లును విసిరేస్తది. తెల్ల పాలిష్ కడ్డీ మాత్రం నల్ల కొమ్ముకి వద్దు, గాడిలోనూ అతుకు గీతలోనూ తెల్లగా ఇరుక్కుంటది.

మార్కాపురం_వెదురు:
ఇద్దరూ పైభాగం గురించే మాట్లాడుతున్నారు. అల్లెతాడు కూర్చునేది గాడిలో. అక్కడికి బఫ్ చేరదు, మెరుగు నిజంగా కావాల్సిందీ అక్కడే. సాగని కొత్తరకం పోగుల తాడైతే మరీ ముఖ్యం. ఆకురాయి పళ్ల గుర్తులు గాడిలో మిగిలితే పోగులు ఒక్కొక్కటే తెగుతాయి.

4 మి.మీ. గుండ్రటి ఆకురాయితో కోసి ఉంటే, 3 మి.మీ. మేకుకి 320 కాగితం చుట్టి తాడు పడే వాలులోనే తిప్పండి. తర్వాత 600. చివర్లో మందపాటి నూలుతాడుకి పాలిష్ పూసి గాడిలో ముందుకీ వెనక్కీ లాగండి. గాడి చుట్టూ పై అంచుని కూడా కొద్దిగా గుండ్రం చేయాలి, తాడుని కోసేది ఎక్కువగా ఆ అంచే. వేలికి పత్తి చుట్టి గాడిలో తిప్పితే పోగు ఎక్కడా పట్టకూడదు.

ఉదయగిరి_చెక్కపని:
ఇది అసలు మాట. పైభాగానికి నా పద్ధతి: 1000 తర్వాత 0000 ఉక్కు పీచు, ఆపైన పాత నూలుగుడ్డకి పాలిష్ పూసి గట్టిగా రుద్దడం. కొసకి పావుగంట చాలు.

వార్నిష్ విషయం: మెరుగు చివర్లోనే. పాలిష్‌లో మైనం ఉంటుంది, అది చెక్కకి అంటిందా వార్నిష్ పట్టదు. కాబట్టి 600 దాకా తెచ్చి ఆపి, కొమ్ముకి టేపు వేసి, చెక్కకి వార్నిష్ కొట్టి, ఆరాక 1000, పాలిష్. కొమ్ము మీద వార్నిష్ వద్దు, నున్నటి కొమ్ముని గట్టిగా పట్టుకోదు, తాడు రాపిడికి పెచ్చులు లేస్తుంది.

ఒంగోలు_పనిపట్టె:
ఆ వరస సరైందే. బఫ్ మాట మాత్రం వెనక్కి తీసుకోను. చెయ్యి కుదిరినోడు వాడొచ్చు, మొదటి విల్లుకి వద్దు. మెరుగయ్యాక పల్చగా నూనె పుయ్యి. కొమ్ము తేమ పీలుస్తది, మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. ఉన్ని తినే పురుగు కొమ్మునీ తింటది, గుడ్డసంచిలో మూసి మూల పెట్టొద్దు. దుమ్ముకి మాస్క్ తప్పదు. జింక కొమ్ము ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

కావలి_విలుకాడు:
చేత్తోనే చేస్తా. 600 దగ్గర ఒక తాపడం పక్కన వెంట్రుకంత తెల్ల గీత కనపడతా ఉంది. ఏంది అది?

మార్కాపురం_వెదురు:
గీత ఎక్కడుందో చూడండి. కొమ్ములోపలే ఉంటే పొర విడింది, మొదలువైపు డొల్ల భాగం నుంచి కోసిన ముక్కల్లో ఇది మామూలే. పల్చటి సూపర్‌గ్లూ ఒక చుక్క వేస్తే లోపలికి పీల్చుకుంటుంది, మర్నాడు మళ్లీ 400 నుంచి రండి. కొమ్ముకీ చెక్కకీ మధ్య అయితే స్పిరిట్ గుడ్డతో తుడిచి చూడండి. దుమ్మే అయితే పోతుంది. పోకపోతే బిగింపు మరీ ఎక్కువై జిగురంతా బయటికి వచ్చేసింది. మెరుగు ఆపి తాపడం ఊడదీయండి. రెండు ముఖాలూ 80 కాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, 24 గంటల ఎపాక్సీతో, ఈసారి ముక్క కదలకుండా ఉండేంతే బిగించి అతికించండి.