తోఫెతు, ఏఫా, బెడ్లమ్: వాడుక తప్పిన ఇంగ్లీషు మాటలా, అసలు ఇంగ్లీషే కాని మాటలా?

పాతపుటలు:
1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు చదివేవారి కోసం తయారైన ఒక పట్టిక చూశాను. "హీబ్రూ నుంచి వచ్చి, వాడుక తప్పిన ఇంగ్లీషు పదాలు" అని శీర్షిక. ఏఫా, హిన్, ఓమెరు అనే కొలతలు, యాజకుడు తొడుక్కునే ఏఫోదు, తోఫెతు, బెలియాలు, షిబ్బోలెతు అందులో ఉన్నాయి. వాడుక తప్పాలంటే ముందు వాడుకలో ఉండాలి కదా! లండన్ బజారులో గోధుమలను ఏఫాలతో కొలిచినవారెవరు? అక్కడ బుషెళ్లతో కొలిచేవారు. అనువాదకులు మార్చకుండా వదిలేసిన హీబ్రూ మాటలకు ఇంగ్లీషు చొక్కా ఎందుకు తొడగాలి?

పదపరిశోధి:
తోఫెతును ఆ వరుసలో నిలబెట్టకండి. అది యెరూషలేము పక్కన హిన్నోము లోయలో ఉన్న చోటు. అక్కడ పిల్లలను అగ్నికి ఆహుతి ఇచ్చారని యిర్మీయా ప్రవక్త మండిపడ్డాడు. ఇంగ్లీషులో అది నరకానికే పేరైంది. ఇంగ్లీషు కవి మిల్టన్ 1667 నాటి 'ప్యారడైజ్ లాస్ట్' కావ్యంలో అలాగే వాడాడు. బెలియాలు కథ మరీ విచిత్రం. హీబ్రూలో అది పనికిమాలినతనం. కొత్త నిబంధన నాటికే దుష్టశక్తి పేరుగా మారింది. మిల్టన్ చేతిలో నరక సభలో లేచి ఉపన్యాసమిచ్చే దయ్యమైంది.

పాతపుటలు:
మిల్టన్ హీబ్రూ చదివిన పండితుడు. ఆయన వాడితే జనం వాడినట్టు కాదు. వీధిలో నలిగిన మాట ఒక్కటి చూపండి, ఒప్పుకుంటాను.

కోటవీధి:
బెడ్లమ్ తీసుకోండి. 1247లో లండన్‌లో బెత్లెహేము పేరిట ఒక మఠం వెలిసింది. తరువాత అదే మతి చలించినవారిని ఉంచే ఆసుపత్రి అయింది. బెత్లెహేము కాస్తా జనం నోట నలిగి బెడ్లమ్‌గా మిగిలింది. ఒకప్పుడు ఏ పిచ్చాసుపత్రినైనా, చివరికి పిచ్చివాడిని కూడా ఆ మాటతోనే పిలిచారు. ఆ అర్థాలు పోయాయి, ఇప్పుడు ఒట్టి గందరగోళమే మిగిలింది. హీబ్రూలో బేత్ లెహెం అంటే రొట్టెల ఇల్లు!

సైడర్ కూడా ఉంది, ఇప్పుడు ఆపిల్ రసంతో చేసే పానీయం. హీబ్రూ షేఖార్ అంటే మత్తు పానీయం. అది గ్రీకు, లాటిన్, ఫ్రెంచి దాటి ఇంగ్లీషుకు చేరింది. 14వ శతాబ్దపు ఇంగ్లీషు అనువాదమైన విక్లిఫ్ బైబిలులో, లూకా మొదటి అధ్యాయంలో, బాప్తిస్మమిచ్చే యోహాను ద్రాక్షారసం గానీ 'సిదిర్' గానీ తాగడని ఉంటుంది. అక్కడ ఆపిల్ పండ్ల ఊసే లేదు. వాడుక తప్పిన హీబ్రూ అర్థమంటే నా లెక్కలో ఇదీ.

కొత్తసభ్యుడు:
ఎర్త్ కూడా హీబ్రూ ఎరెట్స్ నుంచే వచ్చిందని విన్నాను. పట్టికలో ఎందుకు లేదు?

పదపరిశోధి:
అది హీబ్రూ మాట కాదు కనుక. జర్మన్‌లో ఎర్డె, డచ్‌లో ఆర్డె, ఇంగ్లీషులో ఎర్త్: మూడూ ఒకే ఇంటివి. ఎరెట్స్‌తో పోలిక కాకతాళీయం.

కోటవీధి:
పాతపుటలు గారూ, తెలుగు బైబిలు చూడండి. షెకెలు అనే తూకం దగ్గర తులం అన్నారు, యాభయ్యో ఏట వచ్చే జూబిలీ దగ్గర సునాదమన్నారు. ఏఫోదును, ఓమెరును మాత్రం అలాగే ఉంచారు. కీర్తనల్లో 71 సార్లు వచ్చే సెలాకు అర్థం ఇదీ అని ఎవరూ తేల్చలేదు కాబట్టి దాన్నీ ముట్టుకోలేదు. ప్రతి ఆదివారం ఆ గ్రంథం చదివేవారికి ఇవి పరాయి మాటలా?

పాతపుటలు:
చదవడం వేరు, వాడటం వేరు. సెలా అని సంతలో ఎవరూ అనరు. బెడ్లమ్, సైడర్‌లను ఒప్పుకుంటాను, అయితే అవి ఆ పట్టికలో లేనే లేవు! ఉన్నవాటిలో ఏఫా, హిన్‌లను తీసేయమనే ఇప్పటికీ అంటాను.

పదపరిశోధి:
నిఘంటువుల్లో వాటికి చోటిచ్చారు. ఒక్క గ్రంథంలో బతికినా బతుకే. తీసేయాల్సింది షిబ్బోలెతును. యొర్దాను రేవుల దగ్గర ఆ మాట సరిగ్గా పలకలేని ఎఫ్రాయిమీయులను గిలాదువారు చంపిన కథ పాతదే కావచ్చు. కానీ పార్టీలు వదలకుండా పట్టుకు వేలాడే అరిగిపోయిన నినాదం అనే అర్థంలో ఇంగ్లీషు పత్రికలు దాన్ని ఈనాటికీ రాస్తున్నాయి. దాన్ని వాడుక తప్పినవాటిలో చేర్చిందెవరు?