అప్‌డేట్: పర్ల్ వరసలు వదులవడం ఆగింది

కాంటినెంటల్ పద్ధతిలో, అంటే ఊలు ఎడమచేత్తో పట్టి సూదులతో అల్లితే, పర్ల్ (ఉల్టా కుట్టు) వరసలు వదులై వెనకవైపు చాళ్లు పడుతున్నాయని అడిగాను కదా. మీరు చెప్పిన కాంబినేషన్ పద్ధతితో పోయాయి, చాలా థాంక్స్!

ఈ పద్ధతిలో పర్ల్‌కి ఊలు సూది పైనుంచి చుట్టకుండా కిందనుంచి లాగాలి. ఊలు తిరిగే దారి తగ్గుతుంది కాబట్టి ఊలు తక్కువ పడుతుంది, లూపు బిగుస్తుంది. కానీ లూపు సూదిమీద తిరగబడి కూర్చుంటుంది. అందుకే తర్వాతి నిట్ (సూటి కుట్టు) వరస వెనకకాలులోంచే, అంటే లూపులో సూది వెనకున్న పోగులోంచే అల్లాలి. ముందునుంచి అల్లితే మెలిపడుతుంది.

తగ్గింపుల (రెండు కుట్లు కలిపి ఒకటి చేయడం) దగ్గర జాగ్రత్త. తగ్గించిన కుట్టు ఎడమకు వాలాలంటే రెండు లూపులూ వెనకనుంచి కలిపి అల్లితే చాలు. కుడికి వాలాలంటే మాత్రం ఒక్కొక్కటే తిప్పుకుని ముందునుంచి కలపాలి. టోపీలాంటివి సాదాగా, గుండ్రంగా అల్లేటప్పుడు పర్ల్ వరసే రాదు, అక్కడ ఎప్పటిలా ముందుకాలులోంచే అల్లాలి.